దూరమా అమ్మా?



మా ఇంట్లో గడప దాటుతున్న మనిషిని "యాడికి?" అని అడగకూడదు. చిన్నప్పుడు ఒకసారి, చెప్పులేసుకుని బయలుదేరిన మా నాయనను నేను అట్లా అడిగేశాను. ఆయనేమీ అనలేదు. వెనక్కి వచ్చి, చెప్పులు విప్పి, నులకమంచం మీద కాసేపు కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ లేచాడు. మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది. "పొయ్యేటోళ్ళను యాడికని అడక్కూడదు నాయనా. దూరమా అని అడగాల."

తెలుగునాట చాలా ఇళ్ళలో ఉన్న పద్ధతే ఇది. శకునం సంగతి పక్కన పెడదాం. "దూరమా?" అన్న మాటలో ఒక వెసులుబాటు ఉంది. చెప్పాలనుకున్నవాడు ఊరి పేరు, వెళ్ళే పని, తిరిగొచ్చే వేళ అన్నీ చెబుతాడు. చెప్పడం ఇష్టం లేనివాడు "ఆ, కొంచెం దూరమే" అని సాగిపోతాడు. అడిగినవాళ్ళు చిన్నబోరు, చెప్పనివాళ్ళకు తప్పు అంటదు.

ఈ మాట నాకు నేర్పిన మా అమ్మ తన డెబ్బై రెండో ఏట మొదటిసారి విమానమెక్కింది. ఆ ప్రయాణంలో యూనిఫారం వేసుకున్నవాళ్ళు ఆమెను అడిగిన ప్రశ్నలు నన్ను ఇప్పటికీ వదల్లేదు. వాటి గురించి మాట్లాడాలనే ఈరోజు మీ ముందుకు వచ్చాను.

మా తమ్ముడికి గుండె ఆపరేషన్ జరిగింది. వాడు కోలుకుంటే తలనీలాలు ఇస్తానని అమ్మ తిరుమల కొండకు మొక్కుకుంది. మా వైపు ఆడవాళ్ళు చాలామంది మూడు కత్తెర్లు ఇచ్చి మొక్కు తీర్చుకుంటారు. అమ్మ దానికి ఒప్పుకోలేదు. "నేనడిగింది బిడ్డకు నిండా ఆయుస్సు. ఇచ్చేది మూడు కత్తెర్లా?" అని కల్యాణకట్టలో కూర్చుని గుండు చేయించుకుంది. దర్శనం అయింది, కొండ దిగాం, మరునాడు తమ్ముణ్ణి చూడడానికి రేణిగుంటలో విమానం ఎక్కాం.

2015 అక్టోబరులో మొదలైన రేణిగుంట కొత్త టెర్మినల్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ వరసలో నిలబడితే ముందు గుండు, వెనక గుండు, తండ్రి భుజం మీద నిద్రపోతున్న పసిబిడ్డకూ గుండే. ఇంకా ఆరని గంధం వాసన. చేతుల్లో లడ్డూల సంచులు. గుర్తింపు కార్డులో ఒక మనిషి, ఎదురుగా మరో మనిషి. ఫొటోలో ఒత్తయిన జుట్టు ఉంటుంది, ముందు నిలబడ్డ మనిషికి వెంట్రుక ఉండదు. అక్కడ పనిచేసే జవాన్లు కళ్ళు, ముక్కు, చుబుకం చూసి మనిషిని పట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. గేటు దగ్గర మా అమ్మ కార్డు చూసిన యువకుడు ఆమె ముఖాన్ని ఒక్క క్షణం పరికించి, "దర్శన్ బాగా అయిందా అమ్మా?" అన్నాడు. డ్యూటీలో పట్టుకున్న తెలుగు. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. "శానా బాగయింది నాయనా. నీదే ఊరు?" అంది. బిహార్ అని చెప్పాడు. "అమ్మా నాయనా ఉండారా?" అని అడిగింది. ఆ తెలుగు అతనికి అర్థమైందో లేదో గానీ నవ్వి, తలూపి, కార్డు చేతికిచ్చాడు.

మూడు వారాల తర్వాత తిరుగు ప్రయాణం. ఆ విమానాశ్రయం పేరు ఇక్కడ అనవసరం. అమ్మ తల మీద అప్పటికి తెల్లగా, అరంగుళం కూడా లేని వెంట్రుకలు మొలిచాయి. సెక్యూరిటీ దగ్గర మగవాళ్ళ వరస వేరు, ఆడవాళ్ళ వరస వేరు కదా. నేను ఇవతల చేతులు చాపి నిలబడి ఉన్నాను. అవతల అమ్మ. ఇద్దరికీ మధ్య పదడుగుల దూరం. అక్కడున్న మహిళా కానిస్టేబుల్ అమ్మ కార్డు చూసింది, తల చూసింది, మళ్ళీ కార్డు చూసింది. హిందీలో ఏదో అడిగింది. అమ్మకు హిందీ రాదు. ఆ కానిస్టేబుల్ గొంతు పెంచి, తల మీద చెయ్యి తిప్పి చూపిస్తూ "కేన్సర్?" అంది. ఆ మాటకు భాష అక్కర్లేదు. అమ్మ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆమె ఇంకో ప్రశ్న వేసింది. మెడ దగ్గర మంగళసూత్రం లేకపోవడం చూసి కాబోలు, "పతి? పతి నహీ?" అంది.

మా నాయన పోయి అప్పటికి ఆరేళ్ళు. మా అమ్మ ఆయన పోయినందుకు జుట్టు తీయించుకోలేదు. ఒకప్పుడు ఈ దేశంలో మొగుడు పోయిన ఆడదానికి బలవంతంగా చేసిన పని ఏమిటో ఆమెకు బాగా తెలుసు. వాళ్ళ నాయనమ్మ గురించి ఆమె నాకెన్నోసార్లు చెప్పింది. ఈ గుండు దానికి పూర్తిగా వేరు. ఇది ఆమె ఎన్నుకున్నది, కొడుకు బతికినందుకు ఇచ్చుకున్నది. ఆ తేడా చెప్పడానికి ఆమె దగ్గర ఆ భాషలో ఒక్క మాట లేదు. వెనక నిలబడ్డవాళ్ళందరూ ఆమె తలకేసి చూస్తున్నారు. నేను ఇవతల నుంచి "తిరుపతి, తిరుపతి" అని అరిచాను. కానిస్టేబుల్ ముఖం వెంటనే మారింది. చేతులు జోడించింది కూడా. చెడ్డ మనిషి కాదు. ఆమె జాలితోనే అడిగి ఉండవచ్చునని నేనిప్పటికీ అనుకుంటాను. కానీ అమ్మ తనిఖీ దాటి వచ్చి, కుర్చీలో కూర్చుని, కొంగు తీసి తల మీద కప్పుకుంది. కొండ మీద కప్పుకోలేదు, రేణిగుంటలో కప్పుకోలేదు. ఆ రోజు ఇంటికి చేరేదాకా ఆ కొంగు తీయలేదు.

రేణిగుంట అబ్బాయి కూడా సొంత విషయమే కదా అడిగాడు, అదెందుకు నొప్పించలేదు? ఈ ప్రశ్న నేను చాలా రోజులు వేసుకున్నాను.

నిజానికి మన సీమవాళ్ళం సొంత విషయాలు అడగడానికి వెనకాడే మనుషులం కాదు. తిరుపతి బస్టాండులో మదనపల్లె బస్సెక్కి కూర్చోండి. చంద్రగిరి దాటేలోపు పక్క సీటు పెద్దావిడ మీ ఊరు, మీ ఇంటి పేరు, పెండ్లయిందా లేదా, పిల్లోళ్ళెంతమంది, జీతమెంత, ఇల్లు సొంతమా బాడుగా అన్నీ అడిగేస్తుంది. మనం చెప్పేస్తాం. భాకరాపేట ఘాటు ఎక్కేసరికి ఆమె కోడలి పోరు, చిన్న కొడుకు తాగుడు, మోకాళ్ళ నొప్పులు అన్నీ మనకూ తెలిసిపోతాయి. పీలేరులో ఆమె దిగిపోతూ సంచిలోంచి రెండు జామకాయలు తీసి చేతిలో పెడుతుంది. అక్కడ ప్రశ్నకు ప్రశ్న ఉంది. ఆమె అడిగింది, మనమూ అడిగాం. ఆమెకు చెప్పకపోయినా మనల్ని బస్సులోంచి ఎవరూ దించరు.

విమానాశ్రయంలో బల్లకు అవతల ఉన్న మనిషిని మనం తిరిగి అడగలేం. "నా తల సంగతి నీకెందుకమ్మా?" అని మా అమ్మ అడగలేదు. అడిగితే విమానం తప్పిపోతుందేమో, కొడుకును ఆపేస్తారేమో అన్న భయం. ప్రశ్నకు ప్రశ్న వేసే వీలు లేనప్పుడు, చెప్పనని అనే వీలు లేనప్పుడు, అడిగేవాళ్ళ బాధ్యత నూరింతలు పెరుగుతుంది. రేణిగుంటలో ఆ యువకుడు మా అమ్మను తిరిగి అడగనిచ్చాడు. ఆమె గుండె నిండడానికి అదే కారణమని నాకు తర్వాత తెలిసింది.

అయితే ప్రశ్నలే వద్దని నేను అనను. అనలేను.

1986 ఏప్రిల్ 17న లండన్ హీత్రూ విమానాశ్రయంలో జరిగిన సంగతి విన్నాక ఎవరూ అనలేరు. ఆన్ మర్ఫీ అనే ఐర్లండ్ యువతి, కడుపుతో ఉన్న మనిషి, టెల్ అవీవ్ వెళ్ళే ఎల్ ఆల్ విమానం ఎక్కడానికి వచ్చింది. పెళ్ళి చేసుకుంటానన్న నిజార్ హిందావీ అనే అతను ఆమెకు ఒక సంచి ఇచ్చి, నువ్వు ముందు వెళ్ళు, నేను వెనక వస్తానన్నాడు. ఆ సంచి అడుగున పేలుడు పదార్థం ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. హీత్రూ మామూలు తనిఖీలు దాటి వచ్చేసింది కూడా. ఎల్ ఆల్ సిబ్బంది ఆమెను కూర్చోబెట్టి ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరున్నారక్కడ, సంచి ఎవరు సర్దారు అని అడిగారు. ఆ జవాబులు వాళ్ళకు పొసగలేదు. సంచి ఖాళీ చేసినా బరువుగా ఉండడం గమనించారు. ఆమె, కడుపులో బిడ్డ, విమానంలోని 370 మందికి పైగా జనం బతికారు. హిందావీకి బ్రిటన్ కోర్టు 45 ఏళ్ళ శిక్ష వేసింది.

"ఈ సంచి మీరే సర్దుకున్నారా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా?" అని ఇప్పటికీ మనల్ని అడుగుతుంటారే, ఆ ప్రశ్న అంత విలువైనది. మన జిల్లాల్లో అది మరీ విలువైనది. నేను ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. పీలేరు, రాయచోటి, మదనపల్లె చుట్టుపక్కల గల్ఫ్‌కు మనుషులు పోని పల్లె అరుదు. ఊళ్ళో ఒకరు కువైట్‌కు బయలుదేరుతున్నారంటే ముందు రోజు సాయంత్రం ఇల్లంతా పొట్లాలు. "మా వాడికి చింతకాయ తొక్కు ఇచ్చెయ్యి." "మా ఆయనకు కీళ్ళ నొప్పుల మాత్రలు." "మా తమ్ముడి స్నేహితుడు వచ్చి తీసుకుంటాడు, చిన్న పొట్లమే." కాదంటే చుట్టరికం చెడుతుంది. విప్పి చూస్తే అనుమానించినట్టవుతుంది. అట్లా ఎవరి పొట్లమో మోసి, అందులో మత్తుమందు బయటపడి, ఆ దేశపు జైలుకు పోయినవాళ్ళ గురించి మనం విన్నాం. మనం ఇక్కడ కొనుక్కునే కొన్ని నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు కూడా గల్ఫ్ దేశాల్లో డాక్టరు చీటీ లేకుండా తీసుకుపోతే నేరమే. కాబట్టి సంచి ఎవరు సర్దారని అడిగినప్పుడు దయచేసి అలవాటుగా తలూపకండి. ఆ ప్రశ్న మీ కోసం అడుగుతున్నది. మీరు విప్పి చూడని పొట్లం ఉంటే అక్కడే చెప్పేయండి.

ఇక ముఖం చూసి, మాటలు కలిపి మనిషి మనసు పట్టేస్తామనే పద్ధతి ఉంది. దాని మీద నాకు నమ్మకం లేదు. అమెరికా విమానాశ్రయ భద్రతా సంస్థ 2007లో ఇదే పని మీద పెద్ద కార్యక్రమం పెట్టింది. వరసలో ఉన్నవాళ్ళ చూపు, చెమట, తడబాటు గమనించడం, అనుమానం వస్తే పలకరించి ఎక్కడికి, ఎందుకు అని అడగడం. వేల మందికి శిక్షణ ఇచ్చారు, సుమారు 90 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు. 2013లో అక్కడి ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ అంతా పరిశీలించి ఏం తేల్చిందంటే, ప్రవర్తన చూసి అబద్ధాన్ని పట్టుకోవడం అనేది నాణెం ఎగరేసి చెప్పినదానికన్నా మెరుగైతే ఏ కాస్తో మెరుగు, అంతే. అప్పటికే బోస్టన్‌లో పనిచేసే ఉద్యోగులే, తమ సహోద్యోగులు రంగును బట్టి, రూపాన్ని బట్టి మనుషులను ఆపుతున్నారని ఫిర్యాదు చేసి ఉన్నారు. మా అమ్మ ఆ రోజు చెమటలు కక్కింది, తడబడింది, చూపు దించుకుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆమె పక్కా అనుమానితురాలు.

మన దేశంలో ఈ తనిఖీలకు ఇప్పుడున్న రూపం 1999 డిసెంబరు తర్వాత వచ్చింది. ఖాట్మండు నుంచి ఢిల్లీకి వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని దారి మళ్ళించి కాందహార్‌కు తీసుకుపోయిన సంఘటన మీకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు విమానాశ్రయాల కాపలా ఆయా రాష్ట్రాల పోలీసులది. 2000 నుంచి ఒక్కొక్కటిగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చాయి. తనిఖీ గట్టిపడింది. ఆ జవాన్లు ఎండా చలీ లేకుండా, పండగా పబ్బం లేకుండా చేస్తున్న సేవకు నేను మనసారా దండం పెడతాను. కానీ దాంతో పాటు ఒక సంగతి జరిగింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అడిగేవాడి భాష మారిపోయింది. చిత్తూరు పోలీసు మా అమ్మను కసురుకున్నా తెలుగులోనే కసురుకునేవాడు, ఆమె తెలుగులోనే సమాధానం చెప్పుకునేది. ఇప్పుడు దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు, తమకు రాని భాషల ఊళ్ళలో, తమ భాష రాని మనుషులను ప్రశ్నించాల్సి వస్తోంది. ఇది ఆ జవానుకూ కష్టమే.

2020 ఆగస్టులో మనకు పక్కనే ఉన్న చెన్నై విమానాశ్రయంలో ఎంపీ కనిమొళికి ఎదురైనది గుర్తుందా? నాకు హిందీ రాదు, తమిళంలోగానీ ఇంగ్లీషులోగానీ మాట్లాడమని ఆమె అడిగితే, అక్కడి అధికారి "మీరు భారతీయురాలేనా?" అన్నారని ఆమే బయటపెట్టారు. ఏ ఒక్క భాషనూ పట్టుబట్టడం తమ విధానం కాదని చెప్పి సీఐఎస్ఎఫ్ విచారణకు ఆదేశించింది. పార్లమెంటు సభ్యురాలు కాబట్టి ఆ మాట దేశమంతా వినిపించింది. అదే చెన్నై మీదుగా చిత్తూరు, కుప్పం, పుత్తూరు నుంచి ఏటా ఎంతమంది తెలుగువాళ్ళు వెళ్తున్నారో! వాళ్ళలో ఎవరికైనా అలాంటి మాట ఎదురైతే వాళ్ళు ఎవరికి చెప్పుకుంటారు?

భాష ఒక్కటే కాదు. "మయూరి" సినిమా చూసినవాళ్ళకు సుధాచంద్రన్ తెలియకుండా ఉండరు. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలు పెట్టించుకుని మళ్ళీ నాట్యం చేసిన మనిషి. సింగీతం శ్రీనివాసరావు గారు ఆమె కథనే ఆమె చేత నటింపజేశారు. ఆమె 2021 అక్టోబరులో ఒక వీడియోలో ప్రధానికి మొరపెట్టుకున్నారు. విమానాశ్రయానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ కృత్రిమ కాలు విప్పి చూపించమంటున్నారు, ఇది మానవత్వమేనా అని. సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. తప్పనిసరి పరిస్థితిలో తప్ప కృత్రిమ అవయవం విప్పించకూడదని నియమాల్లోనే ఉందని కూడా చెప్పింది. నియమం ఉంది, అయినా ఆ మనిషి ప్రతిసారీ కాలు విప్పాల్సి వచ్చింది. నియమం కాగితంలో ఉండిపోయి, వరసలో నిలబడ్డ మనిషి దగ్గరికి రాలేదు.

తనిఖీ ఉన్నా మనసు నొప్పించని చోటు కూడా ఉంది. ఇక్కడ తిరుమల కొండ కింది అలిపిరి గురించి చెప్పాలి. 2003 అక్టోబరు 1న, బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వాహనం మీద అక్కడే క్లేమోర్ మైన్లు పేల్చారు. ఇప్పుడు కొండెక్కే ప్రతి బస్సూ, కారూ అలిపిరిలో ఆగాల్సిందే. అందరూ దిగాలి, సామాను యంత్రంలో పెట్టాలి, డిక్కీ తెరవాలి. బీడీలు ఉన్నాయా, గుట్కా ఉందా, మందు ఉందా అని అడుగుతారు. రోజుకు ఎన్ని వేల మందిని అడుగుతారో! అయినా అక్కడ మనసు నొచ్చుకున్నవాళ్ళను నేను తక్కువగా చూశాను. ఎందుకు అడుగుతున్నారో ప్రతి ఒక్కరికీ తెలుసు. కోటీశ్వరుడినీ కూలీనీ ఒకే మాట అడుగుతారు. ఆ మాట సంచి గురించి, మనిషి గురించి కాదు. మా అమ్మ సంచిలో మా మామ మర్చిపోయిన నశ్యం డబ్బీ ఒకసారి బయటపడింది. ఆమె చెంపలేసుకుని తీసి పారేసింది గానీ, అవమానం జరిగిందనుకోలేదు.

మనకు ఇంకో చిక్కుంది. విమానాశ్రయంలో ఎవరు ఎవరో మనకు తెలియదు. గేటు దగ్గర టికెట్టు, గుర్తింపు కార్డు చూసే జవాను వేరు. సామాను తీసుకునేది విమాన సంస్థ ఉద్యోగి. విదేశానికి పోతుంటే పాస్‌పోర్టు మీద ముద్ర వేసేది ఇమిగ్రేషన్ అధికారి, ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళు అని అడిగే పని ఆయనది. బంగారం, డబ్బు, సరుకు గురించి అడిగేది కస్టమ్స్. మన పల్లెల నుంచి పోయేవాళ్ళకు వీళ్ళంతా ఒక్కటే, పోలీసోళ్ళు. నడుము బెల్టు తీయమనే మనిషి నీ జీతమెంత అని అడిగినా చెప్పేస్తారు. చెప్పక్కర్లేదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ళను ఆడవాళ్ళే, తెర చాటున తనిఖీ చేయాలి. ఒంట్లో యంత్రమో, కృత్రిమ అవయవమో, ఆపరేషన్ గుర్తో ఉంటే అందరి ముందూ కాకుండా పక్క గదిలో చూడమని అడగవచ్చు. అడిగితే తప్పు పట్టరు. మెల్లగా, మర్యాదగా అడగండి.

అమెరికా వెళ్ళే పిల్లల సంగతి క్లుప్తంగా. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి 21 మంది భారతీయ విద్యార్థులను వెనక్కి పంపారు. వాళ్ళలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలేనని పత్రికలు రాశాయి. వాళ్ళ ఫోన్లు తీసుకున్నారు, వాట్సాప్ సంభాషణలు చదివారు, ఫీజుకు డబ్బెవరిచ్చారని అడిగారు. ఆ దేశపు సరిహద్దులో ఆ దేశపు చట్టమే నడుస్తుంది. నేను పిల్లలకు చెప్పగలిగిందల్లా ఒకటే. కన్సల్టెన్సీవాళ్ళు బట్టీ పట్టించిన జవాబులు చెప్పకండి. మీ చదువు గురించి, మీ ఇంటి డబ్బు గురించి మీకే తెలిసిన నిజం చెప్పండి. నాయన పొలం తాకట్టు పెట్టాడని చెప్పడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ప్రభుత్వం ఆ గడప దాటి లోపలికి రావాలంటే చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, అవసరానికి మించి ఒక్క అడుగు వేయకూడదు అని అందులో ఉంది. న్యాయశాస్త్రం చదవని మా అమ్మ దీన్నే "దూరమా అని అడగాల" అని నాకు చెప్పిందని అనిపిస్తుంది. ఆ హద్దు నిలవాలంటే అడిగే మాట ముందు అర్థం కావాలి. అందుకే చెన్నైలో, బెంగళూరులో మన సీమ మనుషులు వెళ్ళే ప్రతి ఇమిగ్రేషన్ వరసలో తెలుగు వచ్చిన మనిషి ఒక్కరైనా ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. మామూలు తెలుగు కాదు, "యాడుండారు", "పోతాండా" అంటే అర్థమయ్యే తెలుగు. ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో ఒక మనిషి గురించి చెబితే మీకు తెలుస్తుంది.

పీలేరు దగ్గర ఒక పల్లె ఆమెది. నా దగ్గర ఐదో తరగతి దాకా చదువుకుంది. ఇరవై ఆరేళ్ళకు ఇద్దరు పిల్లలు, మొగుడి అప్పులు. ఒక ఏజెంటు కువైట్‌లో ఇంటిపని ఉందన్నాడు. మన చట్టం ప్రకారం, పదో తరగతి పాసు కాని మనిషి గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఇంటిపనికి పోయే ఆడమనిషికి ముప్పై ఏళ్ళు నిండాలి. ఆ దారిలో పోతే ఒప్పంద పత్రం ఉంటుంది, 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది, ఏదైనా జరిగితే రాయబార కార్యాలయంలో పేరు ఉంటుంది. ఏజెంటు ఆమెకు విజిట్ వీసా ఇప్పించాడు. అంటే చుట్టపుచూపుగా పోతున్నట్టు. ఆమెకు వారం రోజులు పాఠం చెప్పాడు. "మా పిన్నమ్మను చూడను పోతా ఉండా. నెల దినాలు ఉంటా. ఇదో రిటన్ టికెట్టు." అంతకుమించి నోరు తెరవొద్దన్నాడు.

విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి ఆమెను చాలానే అడిగాడట. ఎవరిని చూడడానికి? వాళ్ళు అక్కడ ఏం చేస్తారు? ఎన్ని రోజులు? డబ్బెంత ఉంది? ఆయన మాట ఆమెకు సగం సగం అర్థమైంది. పాఠం అప్పజెప్పింది. ఆయన పాస్‌పోర్టు చూశాడు, టికెట్టు చూశాడు, ముద్ర వేశాడు. ఆమె చేతులు చూడలేదు. టమోటా తోటల్లో కాయలు కోసి కోసి, గోళ్ళ అంచులు పసుపు పచ్చగా, నల్లగా మారిన చేతులు. సొంత డబ్బుతో విమానమెక్కి పిన్నమ్మను చూడబోయే మనిషి చేతులు కావవి.

పద్నాలుగు నెలలు ఒక ఇంట్లో ఉంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర. ఆ నెలల గురించి ఆమె నాతో పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. తిరిగొచ్చినప్పుడు చిన్న పిల్ల ఆమెను గుర్తుపట్టలేదు.

మొన్న సంక్రాంతికి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని టమోటాల్లో పచ్చికాయలు, పండుకాయలు వేరుచేసి బాక్సులకు వేస్తోంది. ఈ ప్రసంగం సంగతి చెప్పి, ఆ రోజు ఆ అధికారి నిన్ను ఏమడిగి ఉంటే బాగుండేదమ్మా అని అడిగాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. చాలాసేపు మాట్లాడలేదు.

"పిల్లోళ్ళు యాడుండారు అని అడిగింటే చాలు సార్," అంది. "ఆడ్నే ఏడ్చేసిందును."